మాస్టర్స్‌కు పైన, పీహెచ్‌డీకి కింద: స్కూల్ సైకాలజిస్టు చదువు ఇలా ఎందుకుంది?

బడి పిల్లలకు చదువులో, మనసులో వచ్చే ఇబ్బందుల్ని కనిపెట్టి సాయం చేసేవాళ్లే స్కూల్ సైకాలజిస్టులు. అమెరికాలో ఈ ఉద్యోగం కావాలనుకునేవాళ్లను మొదట తికమక పెట్టేది డిగ్రీ పేరే. మాస్టర్స్ అంటే అందరికీ తెలుసు, పీహెచ్‌డీ అన్నా తెలుసు. ఈ చదువు ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. దీన్ని 'స్పెషలిస్ట్' స్థాయి అంటారు. కొన్ని యూనివర్సిటీలు ఈడీఎస్ (ఎడ్యుకేషన్ స్పెషలిస్ట్) అనే డిగ్రీ ఇస్తాయి, ఇంకొన్ని మాస్టర్స్‌కు ఒక అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ జోడిస్తాయి. సాధారణంగా మూడేళ్లు పడుతుంది. మొదటి రెండేళ్లు క్లాసులు, ప్రాక్టికమ్ (చదువుతూనే పర్యవేక్షణలో చేసే పని). మూడో ఏడాది ఇంటర్న్‌షిప్. నాస్ప్ అని పిలుచుకునే జాతీయ స్కూల్ సైకాలజిస్టుల సంఘం ప్రమాణాల ప్రకారం కనీసం 60 సెమిస్టర్ క్రెడిట్లు, 1200 గంటల ఇంటర్న్‌షిప్ ఉండాలి. ఆ గంటల్లో 600 స్కూల్లోనే గడపాలి. మామూలు మాస్టర్స్ చాలాచోట్ల 30, 36 క్రెడిట్లతో ముగుస్తుంది. అంటే రెండు మాస్టర్స్ చదివినంత పని చేశాక చేతికొచ్చేది డాక్టర్ అని పిలిపించుకోలేని డిగ్రీ!

దీన్ని ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి గీయలేదు. నూట పాతికేళ్ల బేరసారాల్లో ఇది ఈ రూపానికి వచ్చింది.

కథ 1896లో ఫిలడెల్ఫియాలో మొదలవుతుంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లైట్నర్ విట్మర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ దగ్గరికి మార్గరెట్ మగ్వైర్ అనే టీచరు ఒక పిల్లవాడిని తీసుకొచ్చింది. పిల్లవాడు తెలివైనవాడే కానీ స్పెల్లింగ్ ఎంతకీ రావడం లేదు. సైకాలజీ నిజంగా శాస్త్రమే అయితే ఇలాంటి బడి సమస్యకు పనికిరావాలి కదా అన్నది ఆమె వాదన. విట్మర్ పరీక్షించి చూస్తే కళ్లలో లోపం బయటపడింది. కళ్లజోడు పెట్టించి, ఆ తర్వాత చదువులో విడిగా తర్ఫీదు ఇప్పించారు. ఆ ఏడాదే యూనివర్సిటీలో సైకలాజికల్ క్లినిక్ పుట్టింది. ఈ తొలి కేసులో ఐక్యూ అన్న మాటే లేదు. పిల్లవాడి ఇబ్బంది ఏమిటో కనిపెట్టడం, దాన్ని తగ్గించడం, అంతే. ఆ తర్వాతి యాభై ఏళ్లలో వృత్తి ఈ దారి నుంచి ఎంత పక్కకు జరిగిందో గమనిస్తే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది.

పక్కకు జరపడానికి రెండు కారణాలు కలిసొచ్చాయి. ఒకటి నిర్బంధ విద్య. 1852లో మసాచుసెట్స్‌తో మొదలైన ఆ చట్టాలు 1918లో మిసిసిపీతో అన్ని రాష్ట్రాలకూ చేరాయి. అంతకుముందు బడి గడప తొక్కని పిల్లలు వేల సంఖ్యలో వచ్చి క్లాసుల్లో కూర్చున్నారు. అందరికీ ఒకే పాఠం ఎక్కదు. ఎవరిని ఏ గదిలో కూర్చోబెట్టాలన్నది హెడ్మాస్టర్లకు పెద్ద తలనొప్పి అయింది. రెండోది, సరిగ్గా ఆ సమయానికే చేతికందిన సాధనం. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడార్ సిమోన్ పిల్లల తెలివితేటల్ని కొలిచే తమ కొలబద్దను ప్రచురించారు. ప్రత్యేక సాయం అవసరమైన పిల్లల్ని గుర్తించడం కోసమే బినే దాన్ని తయారుచేశాడు. న్యూజెర్సీలోని వైన్‌ల్యాండ్‌లో సైకాలజిస్టు హెన్రీ గొడ్డార్డ్ దాన్ని 1908లో ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. 1916లో మరో సైకాలజిస్టు లూయిస్ టెర్మన్ దాన్నే సవరించి స్టాన్‌ఫర్డ్-బినే పరీక్షగా విడుదల చేశాడు. అట్లాంటిక్ దాటాక అది పిల్లవాడికి శాశ్వతంగా అంటుకునే అంకెగా మారిపోయింది.

'స్కూల్ సైకాలజిస్టు' హోదాతో నియమితుడైన తొలి వ్యక్తి ఆర్నాల్డ్ గెసెల్. 1915లో కనెక్టికట్ రాష్ట్ర విద్యామండలి ఆయన్ని తీసుకుంది. ఆయనకు సైకాలజీలో పీహెచ్‌డీ ఉంది, మెడిసిన్ కూడా చదివాడు. మరి మిగతా చోట్ల ఈ పని చేసిందెవరు? ఎక్కువగా టీచర్లే. ఒక వేసవి కోర్సులో బినే పరీక్ష పెట్టడం నేర్చుకుని వచ్చి, మర్నాటి నుంచి పిల్లల్ని కొలిచేవారు. ఒకే పనిలో ఒకవైపు రెండు పెద్ద డిగ్రీలున్న ప్రొఫెసరు, మరోవైపు కొన్ని వారాల తర్ఫీదు పొందిన టీచరు. ఈ వృత్తికి పుట్టుకతోనే వచ్చిన ఈ ఎగుడుదిగుడే ఇప్పటి డిగ్రీ గందరగోళానికి మూలం అని నా అభిప్రాయం.

'స్కూల్ సైకాలజీ' పేరుతో యూనివర్సిటీ చదువు 1920ల చివర్లో న్యూయార్క్ యూనివర్సిటీలో మొదలైంది. 1930ల మధ్యలో న్యూయార్క్, పెన్సిల్వేనియా రాష్ట్రాలు సర్టిఫికెట్ ఇవ్వడం మొదలుపెట్టాయి. మిగతా రాష్ట్రాలు నెమ్మదిగా కదిలాయి.

అసలు పంచాయితీ జరిగింది 1954 ఆగస్టులో. న్యూయార్క్ రాష్ట్రం వెస్ట్ పాయింట్‌లోని హోటల్ థాయర్‌లో, ఈ పనికి ఎంత చదువు ఉండాలో తేల్చడానికి 48 మంది ప్రతినిధులు పది రోజుల పాటు కూర్చున్నారు. అప్పటికి దేశం మొత్తం మీద స్కూల్ సైకాలజిస్టులు వెయ్యి మందికి అటూ ఇటూగా ఉంటారు. అందరికీ డాక్టరేట్ ఉండాలంటే స్కూళ్లకు మనుషులు దొరకరు. వద్దంటే సైకాలజీ శాఖల ప్రొఫెసర్లు ఒప్పుకోరు. చివరికి మధ్యేమార్గంగా రెండు మెట్లు పెట్టారు. నాలుగేళ్ల డాక్టరేట్ చేసినవాళ్లకే 'స్కూల్ సైకాలజిస్టు' అనే పేరు. రెండేళ్ల చదువు పూర్తిచేసినవాళ్లు వాళ్ల కింద, మరో పేరుతో పనిచేస్తారు. కాగితం మీద బాగానే ఉంది. స్కూళ్లు మాత్రం తక్కువ జీతానికి దొరికే రెండో మెట్టువాళ్లనే పెట్టుకుని, వాళ్లనే స్కూల్ సైకాలజిస్టులని పిలిచాయి. కాన్ఫరెన్సులో రాసుకున్నది ఒకటి, స్కూళ్లను నడిపే స్కూల్ జిల్లాల బడ్జెట్ చేసింది ఇంకొకటి.

ఆ రెండో మెట్టువాళ్లకు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లో పూర్తి స్థానం లేదు. 1969లో సెయింట్ లూయిస్‌లో సమావేశమై సొంత సంఘం పెట్టుకున్నారు. అదే నాస్ప్. 1977లో పాత సంఘం 'సైకాలజిస్టు' అనే పేరు డాక్టరేట్ ఉన్నవాళ్లకే చెందాలని తీర్మానించింది. నాస్ప్ తిరగబడింది. డాక్టరేట్ లేకపోయినా మా చదువు గట్టిదే అని చూపించాలంటే ప్రమాణాలు పెంచుకోవాలి. 60 క్రెడిట్లు, ఏడాది ఇంటర్న్‌షిప్ అన్న బరువు ఈ పోరులోనే పడింది. విద్యార్థులు విసుక్కునే ఆ మూడో ఏడాది వెనక ఇంత రాజకీయం ఉంది. ఇంతా చేసి పేరు గొడవ తీరిందా అంటే అదీ లేదు. స్కూళ్లలో పనిచేసేంతవరకు ఆ పేరు వాడుకోవచ్చని చాలా రాష్ట్రాలు మినహాయింపు ఇచ్చాయి. టెక్సాస్‌లో మాత్రం లైసెన్సు మీద 'లైసెన్స్‌డ్ స్పెషలిస్ట్ ఇన్ స్కూల్ సైకాలజీ' అని ఉంటుంది. చేసే పని ఒకటే, లైసెన్సు మీది పేరు వేరు.

పేరు గొడవ అలా సాగుతుండగానే కోర్టుల్లో ఇంకా పెద్ద ప్రశ్న లేచింది. 1971లో శాన్ ఫ్రాన్సిస్కోలో నల్లజాతి పిల్లల తరఫున కేసు వేశారు. 'లారీ పీ' కేసుగా దానికి పేరు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకని పెట్టిన క్లాసుల్లో ఈ నల్లజాతి పిల్లల్ని ఐక్యూ పరీక్షల ఆధారంగా కూర్చోబెట్టారు. నల్లజాతి సైకాలజిస్టులు మళ్లీ పరీక్షిస్తే ఆ పిల్లలెవరూ ఆ కోవలోకి రాలేదు. 1968-69లో కాలిఫోర్నియా విద్యార్థుల్లో నల్లజాతి పిల్లలు పదో వంతు లోపే, ఆ క్లాసుల్లో మాత్రం నాలుగో వంతు పైనే. ఈ క్లాసుల్లో వేయడానికి నల్లజాతి పిల్లలకు ఐక్యూ పరీక్షలు వాడకూడదని 1979లో జడ్జి రాబర్ట్ పెక్‌హమ్ తీర్పు చెప్పారు. మరుసటి ఏడాదే షికాగోలో ఇలాంటి కేసులోనే ఇంకో జడ్జి పరీక్షలోని ప్రశ్నలు ఒక్కొక్కటే తీర్పులో రాసుకుంటూ పోయి, పక్షపాతం ఉన్నవి కొన్నే ఉన్నాయని తేల్చేశారు. ఇద్దరు జడ్జీలు, రెండు దారులు. ఈ రెండు తీర్పులూ ఇప్పటికీ అసెస్‌మెంట్ క్లాసుల్లో పక్కపక్కనే పెట్టి చర్చిస్తారు. ఇందులో నాకు నచ్చేదేమిటంటే, పరీక్ష పెట్టడం నేర్చుకునేవాళ్లు ఆ పరీక్ష ఎవరికి చెరుపు చేసిందో కూడా చదవాల్సి రావడం.

ఈ లోపు 1975 నవంబరు 29న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో 94-142 చట్టం వచ్చింది. వైకల్యం ఉన్న ప్రతి పిల్లవాడికీ ఉచితంగా తగిన విద్య అందాలి. అర్హత తేల్చాలంటే పూర్తిస్థాయి మదింపు జరగాలి, ఒక్క పరీక్షతో తేల్చకూడదు. దాంతో ఉద్యోగాలు వరదలా వచ్చిపడ్డాయి. ఈ వృత్తిని నిలబెట్టింది ఈ చట్టమే, ఇరికించిందీ ఇదే. గడువులోపు మదింపు పూర్తి కావాలి, రిపోర్టు రాయాలి, మీటింగులో కూర్చోవాలి. అయ్యేసరికి ఇంకో ఫైలు బల్ల మీద ఉంటుంది. పిల్లలతో మాట్లాడదామని ఈ చదువులోకి వచ్చినవాళ్లలో చాలామంది వారంలో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందు గడుపుతారు.

2004లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు కాస్త గాలి ఆడింది. అంతకుముందు అభ్యసన వైకల్యం ఉందని తేల్చాలంటే ఐక్యూకీ మార్కులకీ మధ్య పెద్ద తేడా కనిపించాలని అడిగేవారు. అంటే పిల్లవాడు బాగా వెనకబడేదాకా ఆగాలన్నమాట. ఆ షరతు రాష్ట్రాలు పెట్టనక్కర్లేదని కొత్త చట్టం చెప్పింది. ముందు సాయం చేసి చూడండి, పిల్లవాడు దానికెలా స్పందిస్తాడో గమనించండి అన్న పద్ధతికి చోటిచ్చింది. పాఠ్యక్రమాలు కూడా అటు జరిగాయి. టీచర్లకు సలహా ఇవ్వడం, చదవడం రాని పిల్లలకు ప్రత్యేక సాయం పద్ధతులు తయారుచేయడం, కౌన్సెలింగ్, ఎవరైనా పిల్లవాడు ప్రాణం తీసుకుంటానన్నప్పుడు ఏం చేయాలి, ఇవన్నీ కోర్సుల్లోకి వచ్చాయి. కళ్లజోడు పెట్టించి స్పెల్లింగ్ నేర్పించిన విట్మర్ చూస్తే, ఇందులో కొత్తేముంది అనేవాడేమో.

మరి నేర్చుకున్నదంతా స్కూల్లో చేసే వీలుందా? 500 మంది విద్యార్థులకు ఒక స్కూల్ సైకాలజిస్టు ఉండాలని నాస్ప్ చెబుతుంది. దేశ సగటు చూస్తే ఒక్కరి మీద వెయ్యి మందికి పైగా పడుతున్నారు. బోధించే ప్రొఫెసర్లూ తక్కువే. ఈడీఎస్‌తోనే ఉద్యోగం దొరుకుతుంటే పీహెచ్‌డీ చేసి బోధనలోకి వెళ్లేవాళ్లు పలచబడతారు, వాళ్లు లేకపోతే కొత్త సీట్లు రావు. ఇంటర్న్‌షిప్‌కు కొన్ని జిల్లాలు జీతం ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. అప్పు మీద చదివేవాళ్లకు ఆ ఏడాది అంతా టెన్షనే.

టెక్సాస్‌లోని యువాల్డీ స్కూల్లో కాల్పులు జరిగాక, 2022లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఆమోదించిన చట్టం స్కూళ్ల మానసిక ఆరోగ్య సిబ్బంది కోసం వంద కోట్ల డాలర్లు కేటాయించింది. యూనివర్సిటీలు, జిల్లాలు కలిసి ఆ డబ్బుతో విద్యార్థుల ఫీజులు కట్టి, ఇంటర్న్‌లకు జీతాలిచ్చే కార్యక్రమాలు మొదలుపెట్టాయి. 2025 ఏప్రిల్‌లో, ఆ గ్రాంట్లను ఇక కొనసాగించబోమని అమెరికా విద్యాశాఖ ఉత్తరాలు పంపింది. 16 రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి. ఆ ఉత్తరాలు వచ్చేనాటికి మూడేళ్ల చదువులో ఒకటో రెండో ఏళ్లు పూర్తిచేసి, మిగతాదానికి ఆ డబ్బునే నమ్ముకున్న విద్యార్థులు ఇంకా క్లాసుల్లోనే ఉన్నారు.