డాంగ్ షివెన్ కాన్వాసు: తెగని తగవుకు మూలం 1972లో ఉంది

చైనా జాతీయ దినం అక్టోబరు 1 దగ్గరపడిందంటే, 1949లో కమ్యూనిస్టు చైనా ఏర్పాటు ప్రకటనను డాంగ్ షివెన్ గీసిన ‘దేశ స్థాపనోత్సవం’ చిత్రం మీద మళ్లీ మాటలు మొదలవుతాయి. తియానన్మెన్ బురుజు మీద మైకుల ముందు ప్రకటన చదువుతున్న మావో, ఆయన వెనక నాయకుల వరుస, అవతల మైదానం నిండా జనం. చైనా తైలవర్ణ చిత్రాల్లో ఇంతగా అచ్చయినవి అరుదు. వేర్వేరు కాలాల అచ్చులు పక్కపక్కన పెట్టి చూస్తే వెనక వరుసలో మనుషులు మాయమవుతారు, మారతారు, తిరిగొస్తారు. మరి అసలు బొమ్మ ఏది?

చాలామంది దీన్ని మావో కాలపు సెన్సార్ కథగా చెప్పి వదిలేస్తారు. సెన్సార్ నిజమే. కానీ ఇవాళ్టి ప్రశ్నకు జవాబు దొరికేది 1972లో, ఇద్దరు చిత్రకారులు తీసుకున్న ఒక నిర్ణయంలో.

అంతకుముందు జరిగింది క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బీజింగ్‌లోని కేంద్ర లలితకళల అకాడమీలో పాఠాలు చెప్పే డాంగ్ షివెన్‌కు 1952లో విప్లవ మ్యూజియం కోసం ఈ పని అప్పగించారు. రెండు మీటర్లకు పైగా ఎత్తు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న కాన్వాసు. 1940లలో వాయవ్య చైనాలోని దున్‌హువాంగ్ బౌద్ధ గుహల్లో ఏళ్లతరబడి కుడ్యచిత్రాలకు నకళ్లు తీసిన చెయ్యి ఆయనది. అందుకే ఇందులో పాశ్చాత్య తైలవర్ణంలోని వెలుగునీడల కన్నా చదునైన, చిక్కటి ఎరుపు, పసుపు, నీలం ఎక్కువ కనిపిస్తాయి. తివాచీ గరుకుదనం కోసం రంగులో రంపపుపొట్టు కలిపారు. మైదానం విశాలంగా కనబడాలని బురుజు కుడివైపు నిజంగా ఉన్న ఒక స్తంభాన్నే తీసేశారు. 1953లో మావో చూసి మెచ్చుకున్నాక పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ దీన్ని అచ్చేసింది. తర్వాత పోస్టర్లుగా లక్షల్లో ఇంటింటికీ వెళ్లింది.

మొదటి వేటు త్వరగానే పడింది. ముందు వరుసలో కుడి చివర నిలబడిన పార్టీ అగ్రనేత గావ్ గాంగ్ 1954లో పదవి పోగొట్టుకుని ఆత్మహత్య చేసుకున్నారు. 1955లో పార్టీ ఆయన్ను బహిష్కరించింది. డాంగ్ తన చేత్తోనే ఆయన్ను చెరిపి, ఆ చోటును నేపథ్యంతో నింపారు. మావో 1966లో మొదలుపెట్టిన ప్రక్షాళన ఉద్యమం, సాంస్కృతిక విప్లవం రోజుల్లో దేశాధ్యక్షుడు లియూ షావోచీ వంతు వచ్చింది. మధ్యలో ఉన్న మనిషిని ఊరికే తీసేస్తే బొమ్మలో గొయ్యి పడుతుంది. అందుకని లియూ ముఖాన్ని డాంగ్ బీవూ అనే మరో నాయకుడి ముఖంగా మార్చారు. లియూను ఒకప్పుడు అంత గొప్పగా చిత్రించడమే నేరమై, చిత్రకారుడు కూడా ఆ రోజుల్లో అవమానాలు పడ్డారు. సొంత పనిని రెండుసార్లు పాడుచేసుకున్న మనిషి అప్పటికి ఏ స్థితిలో ఉన్నారో ఈ వివాదంలో ఎవరూ అడగరు. అడగాలి.

1972లో మూడో ఆజ్ఞ వచ్చింది. ఎడమవైపు తెల్లజుట్టుతో ఉన్న పాత పార్టీ నాయకుడు లిన్ బోచూను తీసేయాలి. ఆయన చనిపోయి అప్పటికే పన్నెండేళ్లు. అప్పటికి పార్టీలో చక్రం తిప్పుతున్న జియాంగ్ చింగ్‌తో మావో పెళ్లిని ఆయన ఒకప్పుడు వ్యతిరేకించడమే కారణమని చెప్పుకున్నారు. డాంగ్ క్యాన్సర్‌తో మంచం పట్టి ఉన్నారు. పని జిన్ షాంగీ, ఝావ్ యూ అనే చిత్రకారులకు వెళ్లింది. రెండుసార్లు పైపూతలు పడ్డ కాన్వాసును ఇంకోసారి ముట్టుకుంటే చెడుతుందని భయపడి, వాళ్లు మొత్తం బొమ్మకు అదే కొలతల్లో కొత్త నకలు గీశారు. లిన్ లేనిది ఆ నకల్లోనే. 1973 జనవరిలో డాంగ్ కన్నుమూశారు.

ఆజ్ఞను పాటిస్తూనే అసలు కాన్వాసును కాపాడిన తెలివి అది. ఆ ఇద్దరికీ దక్కాల్సినంత పేరు దక్కలేదు. అయితే ‘దేశ స్థాపనోత్సవం’ రెండుగా చీలింది కూడా ఆ రోజే.

మావో పోయాక, 1979 నాటికి గాలి మారింది. బొమ్మను మొదట ఉన్నట్టు తిరిగి చేయాలన్నారు. అసలు కాన్వాసు మీద మరొకరి కుంచె పడటానికి డాంగ్ కుటుంబం ఒప్పుకోలేదు. వాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. పైపూతలు కూడా డాంగ్ చేతివే. పైగా తైలవర్ణం మీద తైలవర్ణమే వేశాక పొరలు అతుక్కుపోతాయి. పైది గీకితే కింద ఉన్నది మిగులుతుందన్న హామీ లేదు. మరొకరు మళ్లీ గీస్తే అది డాంగ్ గీసిన లియూ కాదు. చివరికి యాన్ జెన్‌డ్వో, యే వులిన్ అనే చిత్రకారులు 1972 నాటి నకలు మీదే గావ్‌నూ, లియూనూ, లిన్‌నూ తిరిగి చిత్రించారు. మ్యూజియం వైపు వాళ్లు చెప్పేది ఒక్కటే: 1953లో జనం చూసిన రూపం జనానికి మళ్లీ కనబడాలి.

ఈ పునరుద్ధరణను రాజకీయ న్యాయంగా చూపించడమూ సరికాదు. లియూకు పార్టీ అధికారికంగా మచ్చ తుడిచింది 1980 ఫిబ్రవరిలో, అంటే బొమ్మలోకి తిరిగొచ్చాక. గావ్ గాంగ్‌కు అది ఇప్పటికీ జరగలేదు. బొమ్మలో మాత్రం ఆయన తన చోట నిలబడి ఉన్నారు.

ఇప్పుడు చైనా జాతీయ మ్యూజియం దగ్గర రెండూ ఉన్నాయి. డాంగ్ గీసిన కాన్వాసులో గావ్, లియూ లేరు. ముగ్గురూ ఉన్న కాన్వాసు మీద డాంగ్ కుంచె పడనే లేదు. అయినా 1953 రూపం అచ్చయినచోట సాధారణంగా కనిపించే పేరు డాంగ్ ఒక్కరిదే. నకలును చూపించడంలో తప్పులేదు, అది లేకపోతే తొలి కూర్పు రంగుల్లో అంత పెద్దగా చూసే దారే ఉండదు. కానీ అది నకలని, జిన్, ఝావ్ గీశారని, యాన్, యే సరిదిద్దారని దాని కిందే రాయాలి. రెండు కాన్వాసులనూ ఒకే గదిలో పెట్టాలి. డాంగ్ చేత చెరిపించిన చోట్లు కూడా ఆ బొమ్మ చరిత్రలో భాగమే కాబట్టి, వాటిని చూసే హక్కు జనానికుంది.