ఒంటరి సైకిల్ యాత్ర: వాన భయం సరే, గాలి సంగతేంటి?

బెంగళూరు మారతహళ్లిలో మాది సైకిల్ సర్వీసింగ్ షాపు. లేపాక్షి, కదిరి, హార్స్‌లీ హిల్స్ అంటూ ఒక్కరే బయల్దేరే మన తెలుగువాళ్లు పోయేముందు సైకిల్ చూపించుకోడానికి వస్తుంటారు. వాళ్లు చెప్పే భయాల్లో సగం అక్కర్లేనివి. నిజంగా భయపడాల్సినవి మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: రోజుకు వంద కిలోమీటర్లంటే అథ్లెట్లకే సాధ్యం.

వాస్తవం: ఆడాక్స్ అనే దూరప్రయాణ సైక్లింగ్ సంఘం వాళ్ల బ్రెవేల్లో, అంటే పోటీ లేకుండా గడువులోగా పూర్తిచేసే రైడ్లలో, 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13.5 గంటలు. తిండి, పంక్చర్లు అన్నీ అందులోనే. సగటు గంటకు 15 కిలోమీటర్లు కూడా పడదు. వేగం కాదు, టీ కొట్టు దగ్గర పది నిమిషాలకే లేవగలగడం ముఖ్యం. ఉగ్గాని బజ్జీ తిన్నాక అది కొంచెం కష్టమే అనుకోండి.

అపోహ: వానే పెద్ద శత్రువు.

వాస్తవం: వాన కన్నా గాలితోనే ఎక్కువ కష్టం. మా షాపులో ఎక్కువసేపు వాదన నడిచేది దీని మీదే. జూన్ నుంచి ఆగస్టు దాకా మన వైపు పడమటి గాలి గట్టిగా వీస్తుంది. బెంగళూరు నుంచి కోలార్, ముళబాగిలు వైపు పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంటే, కాళ్లలో బలం పెరిగిందనుకుంటారు. తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది ఆ బలం ఎవరిదో. మీకు ఎదురొచ్చే గాలి వేగం రెట్టింపయితే అది మిమ్మల్ని ఆపే బలం నాలుగు రెట్లవుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! అందుకే ఆ నెలల్లో ముందు పడమరకు పోయి, గాలిని వెనకేసుకుని రండి. తూర్పుకే పోవాలనుకుంటే తిరుగు ప్రయాణానికి రైలెక్కండి, అందులో నామోషీ ఏమీ లేదు.

వానలన్నీ ఒక్కటి కావు. ఏప్రిల్, మే జల్లులు ఎండ ముదిరాక, మధ్యాహ్నమో సాయంత్రమో ఉరుముతూ వస్తాయి. తెల్లవారుజామున ఐదుకు బయల్దేరి పదకొండుకల్లా ఊరు చేరితే చాలావరకు తప్పించుకోవచ్చు. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే ఈ చిట్కా పనిచెయ్యదు, రోజంతా ముసురే. అప్పుడు ఒకరోజు ఆగడమే మేలు. ఎప్పుడూ ఎండిపోయే కనిపించే ఏటి మీద కల్వర్టు నీటిలో మునిగి ఉంటే, లోతు చూద్దామని కూడా దిగొద్దు. 2021 నవంబరు వరదల్లో అనంతపురం జిల్లాలో చిత్రావతి నదిలో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌తో బయటికి తియ్యాల్సి వచ్చింది.

అపోహ: ఖరీదైన రెయిన్ జాకెట్ ఉంటే తడవం.

వాస్తవం: మిట్ట ఎక్కేటప్పుడు లోపల చెమటతోనే తడుస్తారు. తడిస్తే తడవండి, చలి పట్టకుండా చూసుకోండి. తడి బట్టలతో నంది కొండ లాంటి చోట దిగుడు మొదలుపెడితే వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు సరిగా పట్టుకోలేరు. జాకెట్ దిగే ముందు వేసుకోవాలి, ఎక్కేటప్పుడు కాదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఒక పొడి బనీను ఏ జాకెట్‌కూ తీసిపోదు. రిమ్ బ్రేకులు (చక్రం అంచును రబ్బరు ముక్కలతో నొక్కేవి) తడిస్తే ఆలస్యంగా పట్టుకుంటాయి, కాబట్టి మలుపుకు చాలా ముందు నుంచే మెల్లగా నొక్కుతూ రావాలి.

అపోహ: రబ్బరు టైర్లున్నాయి, పిడుగు ఏమీ చెయ్యదు.

వాస్తవం: ఇది ప్రాణం తీసే నమ్మకం. మైళ్ల దూరం గాలిని చీల్చుకుని వచ్చే పిడుగుకు అంగుళం రబ్బరు అడ్డమా? చుట్టూ వేరుశనగ చేలున్న రోడ్డు మీద అందరికన్నా ఎత్తుగా ఉండేది మీరే. చింతచెట్టు కిందికి పోవడం ఇంకా ప్రమాదం. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. బడో, ఇల్లో, ఏదైనా పక్కా భవనంలోకి వెళ్లి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన, పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ ఫోన్‌లో ఉంచుకోండి.

అపోహ: మెత్తటి జెల్ సీటు వేయిస్తే నొప్పి ఉండదు.

వాస్తవం: గంట వరకే ఆ సుఖం. తర్వాత కూర్చునే ఎముకలు అందులోకి దిగబడి, బరువు పడకూడని చోట పడుతుంది. కొంచెం గట్టి సీటు, సరైన ఎత్తు, ప్యాడ్ ఉన్న షార్ట్స్ చాలు. ఆ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. సిగ్గుపడి చాలామంది ఇది అడగరు.

అపోహ: నీళ్లు ఎంత తాగితే అంత మంచిది.

వాస్తవం: ఎండలో గంటల తరబడి చెమట కారుస్తూ ఉత్త నీళ్లే విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. ఉప్పు మజ్జిగ తాగండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు సరిపడా ఉంటుంది, చిన్న సీసాలో మొత్తం పొయ్యొద్దు.

అపోహ: ఒక్కరే పోతే జనంతో ఇబ్బంది, హైవే అయితే సేఫ్.

వాస్తవం: బాగేపల్లి, ముళబాగిలు, పావగడ వైపు కర్ణాటకలోనే ఉన్నా తెలుగు ధారాళంగా నడుస్తుంది. మంచినీళ్లడిగితే ఏ ఊరని అడిగి కూర్చోబెడతారు. ఇబ్బంది కుక్కలతోనే. తొక్కి పారిపోవాలని చూస్తే ఇంకా తరుముతాయి. దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టుకుని నడవండి. కరిస్తే వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, టీకాకు ఆసుపత్రికి పోవాలి. ఇక హైవే విషయానికొస్తే, బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రోడ్డు మీదికి 2023 ఆగస్టు నుంచి సైకిళ్లను రానివ్వడం లేదు, సర్వీసు రోడ్డే గతి. పల్లె రోడ్లే హాయి. కాకపోతే నవంబరు నుంచి జనవరి దాకా రాగులు, ఉలవలు కోసి నూర్పిడికి రోడ్డు మీదే పరుస్తారు. దాని మీద బ్రేకు వేస్తే జారతారు, ఉలవ తీగ గేర్లలో చుట్టుకుంటే డీరేలర్ (గేర్లు మార్చే భాగం) విరుగుతుంది. దిగి నడిపించుకుని దాటండి.