మోకాలి మీద కొత్త చర్మం

విశాఖపట్నం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సైకిలు మీద నుంచి పడ్డ దెబ్బకు పక్కు ఊడింది సరే, కింద కొత్త చర్మం ఎక్కడి నుంచి వచ్చిందని మీలో చిన్నవాడు అడిగాడు. గాయం అంచున మిగిలిన కణాలే ఒక్కొక్కటి రెండయి, ఆ రెండూ నాలుగై ఖాళీని పూడ్చాయి. ప్రతి కణంలోనూ, అది ఎలా నడుచుకోవాలో రాసిపెట్టి ఉండే డీఎన్‌ఏ పోగులుంటాయి. ఒక్క కణంలోనివన్నీ సాగదీసి కలిపితే సుమారు రెండు మీటర్లు. అవి ఇమిడే కేంద్రకమేమో సాధారణంగా మిల్లీమీటరులో నూరో వంతుకు మించదు.

చిన్నతనంలో పెదజలారిపేట ఒడ్డున నాకు చేపల కంటే వల మడిచే తీరు నచ్చేది. ఒకరు బెండ్లున్న అంచు, మరొకరు సీసపు గుండ్లున్న అంచు పట్టుకుని, ఇసుక దులుపుతూ మడత మీద మడత వేసేవారు. అలా వేయని వల మర్నాడు చిక్కుపడి ఎందుకూ కొరగాదు. దాని మీద మేం కాలు వేస్తే, పనిముట్టును గౌరవించని వాడికి పని రాదని ఒక పెద్దాయన కసిరేవాడు. ఆయన మాట నిజమే.

కణంలో మామూలప్పుడు ఈ పోగు పరిచిన వలలా వదులుగా ఉంటుంది. చీలే ముందు కణం అచ్చం అలాంటి వలనే మరొకటి అల్లుకుంటుంది. పాతదీ కొత్తదీ సెంట్రోమియర్ అనే చోట జతగా ముడిపడి, హిస్టోన్లనే ప్రొటీన్లకు ఎప్పుడూ చుట్టుకునే ఉండే ఆ పోగు మరిన్ని మడతలు పడి, పొట్టిగా లావుగా మారుతుంది. ఆ కట్టలే క్రోమోజోములు. మనకు 46. ఒకదాని మీదొకటి పడి కనిపించడంతో చాలాకాలం 48 అనుకున్నారు. 1956లో టియో, లెవాన్ అనే శాస్త్రవేత్తలు కణాలను ఉబ్బించి, విడివిడిగా పరిచి లెక్క తేల్చారు.

అలివి వలను ఒడ్డు నుంచి రెండు జట్లు రెండు తాళ్లతో లాగుతాయి కదా! కణంలోనూ రెండు కొసల నుంచి సన్నని దారాలు వచ్చి ప్రతి జతనూ రెండు వైపులా పట్టుకుంటాయి. ఒక్క జతకు తాడు తగలకపోయినా కణం ఆగుతుంది. అన్నీ కుదిరాకే ముడి తెగి, చెరొకటి చెరో వైపు పోతుంది. నిజం వల అలా విడిపోదని మీరంటారు, అననివ్వండి. ఇక లాగమని కూత పెట్టే మనిషి లేకుండానే ఆ ఎదురుచూపు ఎలా కుదిరిందో తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మిగతాది ఉల్లిపాయను అడగండి. అడుగు నీళ్లకు తగిలేలా గ్లాసు మీద నిలబెడితే కొద్ది రోజుల్లో తెల్లని వేళ్లు దిగుతాయి. వాటి కొసలకు బడిలో సైన్సు టీచరుగారి చేత ఎసిటోకార్మిన్ రంగు వేయించి సూక్ష్మదర్శినిలో చూడండి. చాలా కణాలు ఊరికే ఉన్నట్టు కనిపిస్తాయి. తొందరపడి జరిపేయక, ముదురు రంగు కట్టలు రెండు వైపులకు విడిపోతున్న కణం దొరికే దాకా వెతకండి. ఉల్లికి 16 క్రోమోజోములు, మీ లెక్కకు ఎన్ని అందాయో రాయండి.

మీ తాతయ్య