బొమ్మ చెరిపి పేరు చెక్కిన నాణేలు

చిరంజీవులైన పిల్లలకు అమ్మమ్మ ఆశీస్సులు.

పాత నాణేలు పోగుచేయడం మొదలుపెట్టారని మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. మీరు ఫొటో తీసి పంపిన చిన్న వెండి నాణేనికి ఒక పక్క కూర్చున్న స్త్రీమూర్తి, ఆమె పాదాల కింద సంవత్సరం చక్కగానే ఉన్నాయి. రెండో పక్క మాత్రం ముద్ర ఏదీ లేకుండా నున్నగా ఉండి, ఒకదానితో ఒకటి అల్లుకున్న మూడు అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఇది పాడైపోయిన నాణెమా అని అడిగారు. కాదు. తనకు ఇష్టమైన మనిషికి ఇవ్వడానికి ఎవరో కావాలనే ఒక పక్క ముద్రను అరగదీయించి, దాని మీద చేత్తో పేరు చెక్కించుకున్న ఆనవాలు అది. సేకరించేవాళ్లు వీటిని లవ్ టోకెన్లు, అంటే ప్రేమ గురుతులు, అంటారు. నేను ఏళ్ల తరబడి అపురూపంగా దాచుకుంటున్నవి ఇవే కనుక కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మీకు దొరికినది అమెరికా డైమ్, అంటే పది సెంట్ల నాణెం. అమెరికా టంకశాలలో చెక్కడపు పనివాడైన క్రిస్టియన్ గోబ్రెక్ట్ తీర్చిన ఆ కూర్చున్న స్వేచ్ఛామూర్తి బొమ్మతో 1837 నుంచి 1891 వరకు దానిని ముద్రించారు. పదిపాళ్లలో తొమ్మిది పాళ్లు వెండి, సుమారు 18 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు రెండున్నర గ్రాముల బరువు. వెండి మెత్తన కనుక ఉలికి సులువుగా లొంగుతుంది, పది సెంట్లు చాలామందికి అందుబాటులో ఉండే సొమ్ము, పైగా గొలుసుకో పిన్నుకో అమర్చుకోవడానికి ఆ పరిమాణం సరిగ్గా సరిపోతుంది. అందుకే 1870ల నుంచి 1890ల దాకా అక్కడ ఈ వేడుక జోరుగా సాగినప్పుడు అన్నిటికంటే ముందు డైమ్ మీదే ఉలి పడింది. అయితే నాణెం మీద ఉన్న సంవత్సరం చెక్కిన సంవత్సరం కాదని గుర్తుపెట్టుకోండి. చెక్కడం అంతకంటే ముందు జరగలేదని మాత్రమే అది చెబుతుంది; ఆ తరువాత ఎన్నేళ్లకైనా జరిగి ఉండవచ్చు.

ప్రేమ అన్నంత మాత్రాన ఇవన్నీ ప్రియుడు ప్రియురాలికి ఇచ్చినవని అనుకోకండి. అమ్మకు ఇచ్చినవి, పసిబిడ్డ పుట్టినప్పుడు చేయించినవి, చెల్లెలి పేరున్నవి ఎన్నో కనిపిస్తాయి. నా దగ్గర ఉన్న ఒక డైమ్ మీద ‘మదర్’ అన్న ఒక్క మాటే ఉంది. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద పెడితే, మొదటి అక్షరపు నిలువు గీత వెంట్రుకంత సన్నగా మొదలై, మధ్యలో బలిసి, చివర మళ్లీ సన్నబడి ముగియడం కనిపిస్తుంది. చివరి అక్షరం దగ్గర ఉలి జారి అంచువైపు ఒక గీత పరుగెత్తింది. చెక్కిన మనిషి ఆ గీతనే కాడగా చేసుకుని పక్కన చిన్న ఆకు తీర్చి, జారుబాటు కనబడకుండా కప్పేశాడు. అశోకవనంలో సీతమ్మకు హనుమంతుడు చూపిన ఉంగరం మీద రామనామం ఉండబట్టే కదా ఆమెకు నమ్మకం కుదిరింది! తెచ్చిన వస్తువు విలువ ఎంతన్నది కాక, దాని మీద ఎవరి పేరు ఉందన్నదే ముఖ్యమైన చోట ఈ నాణేలు కూడా నిలుస్తాయి. అందుకే మామూలు నాణేల సేకర్త చెడిపోయిందని పక్కన పెట్టేదానిని నేను ముందు చేతికి తీసుకుంటాను.

ఈ అలవాటు అమెరికాలో పుట్టినది కాదు. ఇంగ్లండులో పదిహేడో శతాబ్దం చివరికే మూడవ విలియం రాజు కాలపు వెండి ఆరు పెన్నీల నాణేన్ని రెండు చోట్ల వంచి ప్రేమకు గుర్తుగా ఇచ్చేవారు. తరువాతి శతాబ్దంలో చెక్కడం పెరిగింది. థామస్ కోరమ్ పూనికతో 1739లో స్థాపించిన లండన్ అనాథ శిశు శరణాలయంలో, పెంచుకునే దారి లేక బిడ్డను అప్పగించిన తల్లులు, ఎప్పటికైనా తిరిగి వచ్చి బిడ్డను గుర్తుపట్టడానికి ఏదో ఒక ఆనవాలు వదిలి వెళ్లేవారు. వాటిలో పేర్లూ తేదీలూ చెక్కిన నాణేలు కూడా ఉన్నాయి. ఆ బిడ్డలలో ఎక్కువమంది కోసం ఎవరూ తిరిగి రాలేదు.

నా మనసును అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నవి మాత్రం రాగివి. 1797లో బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలతో ముద్రించిన పెన్నీ ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల బరువు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. చుట్టూ వెడల్పాటి ఎత్తు అంచు ఉండటం వల్ల జనం దానిని బండిచక్రం అని పిలిచారు. (అదే టంకశాల 1794లోనూ 1797లోనూ ఈస్టిండియా కంపెనీ తరఫున మన ఉత్తర సర్కారుల కోసం, రూపాయికి 48 చొప్పున, 96 చొప్పున చెల్లే రాగి నాణేలు చేసి పంపింది. కోస్తా జిల్లాల పాత ఇళ్లలో అటువంటివి కనబడితే పారేయనివ్వకండి.) ఆ బండిచక్రం పెన్నీ మీద ఖైదీల కన్ను పడింది. 1788 నుంచి 1868 దాకా బ్రిటన్ నుంచీ ఐర్లండ్ నుంచీ 1,60,000 మందికి పైగా ఖైదీలను ఆస్ట్రేలియాకు ఓడల్లో పంపించారు. కొందరికి 7 ఏళ్లు, కొందరికి 14 ఏళ్లు, కొందరికి యావజ్జీవం. శిక్షా కాలం ముగిసినా తిరుగు ప్రయాణపు ఖర్చు భరించగలిగినవాళ్లు తక్కువ కనుక, ఓడ ఎక్కడమంటే చాలామందికి ఇంటివాళ్లను మళ్లీ చూడకపోవడమే. అలా వెళ్లబోయేవాళ్లు జైళ్లలో ఉన్నప్పుడు రాజుగారి బొమ్మనూ, బొరుసునూ, ఎత్తు అంచునూ అరగదీసి, తామే స్వయంగానో చెక్కగలిగిన మరొకరి చేతనో పేరు, వయసు, శిక్ష, తేదీ చెక్కించి, తల్లికో భార్యకో ఇచ్చి వెళ్లారు. ‘ఇది చూసినప్పుడు నన్ను తలచుకో’ అన్న మాట వాటి మీద మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. సంకెళ్లు వేసుకున్న మనిషి, బాణం దిగిన గుండె, పక్షులు, లంగరు కూడా ఉంటాయి. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ మ్యూజియంలో ఇటువంటివి 300కు పైగా ఉన్నాయి. వాటి చిత్రాలు ఇంట్లో కూర్చునే చూడవచ్చు, కొనడం కంటే ముందు అవి చూడండి.

ఈ ఖైదీ నాణేల మీద చెక్కడం రెండు తీరులుగా కనిపిస్తుంది. కొన్నింటిలో మేకువంటి మొన మీద సుత్తితో కొట్టి చుక్కల వరసగా అక్షరాలు కూర్చారు. చుక్కలు కొన్ని లోతుగా, కొన్ని తేలికగా పడి ఉంటాయి. కొన్నింటిలో పని తెలిసిన చేయి సన్న ఉలితో లోహాన్ని తొలుచుకుంటూ పోయింది. రెండో రకం అందంగా ఉంటుంది, అందుకే దానికి ధర ఎక్కువ పలుకుతుంది. నాకు మొదటి రకమే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అక్షరం సరిగా రాని మనిషి కూడా పూనుకుని రాసిన రాత అది.

ఇప్పుడు వీటికి కొత్త నకళ్లు కూడా వస్తున్నాయి కనుక చూసే పద్ధతి తెలియాలి. పాత నాణెం చేతులు మారి అరిగితే, దాని మీది చెక్కడపు అంచులు కూడా అంతే అరిగి ఉండాలి. బొమ్మ పక్క అరిగిపోయి, చెక్కిన పక్క అక్షరాలు మాత్రం వేలికి గరుకుగా తగిలితే అనుమానించండి. గీతల అడుగున ఏళ్ల నాటి నల్లదనం నిలిచి ఉండాలి; రాగి మీద గీత లోపల ఎర్రగా కొత్త లోహం మెరిస్తే అది ఈమధ్య తొలిచినదే. లేజర్‌తో చెక్కినదైతే గీత పొడవునా ఒకే లోతు, ఒకే వెడల్పు ఉంటాయి. చేతి ఉలి ఎన్నడూ అలా నడవదు. వెనుక మాటు పెట్టిన మచ్చ, పైన చిన్న రంధ్రం ఉంటే లోపమని అనుకోవద్దు. పిన్నుగానో గొలుసుకు తగిలించో ఎవరో దానిని ధరించారని అవి చెబుతున్నాయి.

శుభ్రం చేసే విషయంలో మాత్రం నేను చాలా కచ్చితంగా చెబుతున్నాను. రాగి చెంబును తోమినట్టు చింతపండుతో తోమకండి, వెండికి కుంకుడు రసం, పళ్లపొడి పట్టించకండి. మీరు మురికి అనుకునే ఆ నలుపే గీతను చదవనిస్తుంది, వయసును నిరూపిస్తుంది; ఒకసారి పోతే మళ్లీ తెచ్చిపెట్టే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. అంచులు పట్టుకుని చూడండి. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లు కాలక్రమాన జిగురు కక్కి రాగికి పచ్చ చిలుము పట్టిస్తాయి కనుక ఆమ్లం లేని కాగితపు పొట్లంలో పెట్టి, మన సముద్రతీరపు ఉక్క తగలకుండా డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేయండి.

పేరు, తేదీ పూర్తిగా ఉన్న ఖైదీ నాణెం చూసినప్పుడు ఆ మనిషి ఎవరో వెదకాలని మీకు తప్పక అనిపిస్తుంది, వెదకండి. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానపు 1674 నుంచి 1913 వరకు ఉన్న విచారణల ప్రచురణలను, ఓడల్లో ఎక్కించిన ఖైదీల పట్టికలను ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు. కానీ ఒకే పేరున్నవాళ్లు పదిమంది ఉంటారు. పేరుతో పాటు వయసు, శిక్ష, సంవత్సరం కూడా కలిసేదాకా ఇతడే అతడని రాయకండి. మీ డైమ్ మీద ఉన్నవి మూడు పొడి అక్షరాలే కనుక వాటి మనిషి ఎప్పటికీ దొరకకపోవచ్చు. కథ అల్లి దానికి అంటించడం కంటే, ఒక నోటు పుస్తకంలో బరువు, వెడల్పు, ఏ పక్క చెక్కారు, ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు అని ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టుకోవడం మేలు.

మీలో చిన్నవాడు తానూ ఒక నాణెం మీద చెక్కి చూస్తానని రాశాడు. చేతికి దొరికిన రూపాయి బిళ్ల మీద మాత్రం వద్దు నాయనా. 2011 నాటి మన నాణేల చట్టం ప్రకారం చెలామణిలోని నాణేన్ని కరిగించడం, పాడుచేయడం నేరం. రాగిరేకు ముక్క ఒకటి కొని, ఆకురాయితో అంచులు నున్న చేసి, పెద్దవాళ్లు దగ్గర ఉండగా ముందు చుక్కల పద్ధతిలో మీ అమ్మ పేరులోని మొదటి అక్షరం కొట్టి చూడు. తెలుగు అక్షరాల వంపులు చుక్కలకు బాగా ఒదుగుతాయి. పూర్తయ్యాక ఫొటో తీసి పంపు.

ఇట్లు,
మీ అమ్మమ్మ