న్యూఫౌండ్‌లాండ్ కాడ్: 1989లో పక్కన పెట్టేసిన అంకె

కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కాడ్ చేపల కోటా గొడవ మళ్లీ లేచింది. 1992 నుంచి ఉన్న వేట నిషేధాన్ని ఎత్తేస్తున్నామని 2024 జూన్ 26న ప్రభుత్వం ప్రకటించి, ఆ ఏడాదికి 18,000 టన్నుల పరిమితి పెట్టింది. 2025లో దాన్ని ఏకంగా 38,000 టన్నులు చేసింది. ఇంత తొందరెందుకని పర్యావరణ సంస్థలు అడుగుతున్నాయి. చిన్న బోట్లవాళ్లకు, చేపల ఫ్యాక్టరీ కార్మికులకు ప్రాతినిధ్యం వహించే ఎఫ్‌ఎఫ్‌ఏడబ్ల్యూ సంఘానికి అసలు కోపం మరోచోట ఉంది. ఆ కోటాలో వలను ఈడ్చుకుంటూ పోయే పెద్ద ఓడలకు (ట్రాలర్లకు), తీరానికి 200 మైళ్ల అవతల వేటాడే విదేశీ ఓడలకు మళ్లీ వాటా ఎందుకు పెట్టారన్నది వాళ్ల ప్రశ్న.

కాడ్ కోసం యూరప్ ఓడలు సముద్రం దాటి వచ్చిన అయిదు వందల ఏళ్ల కథ అందరూ రాసేదే. 1968లో పట్టుబడి 8 లక్షల టన్నులు దాటిన సంగతీ కొత్తది కాదు. 1992 జులై 2న మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ రెండేళ్ల నిషేధం ప్రకటించడం, సుమారు 30,000 మందికి పని పోవడం, ఆ రెండేళ్లు 32 ఏళ్లుగా సాగడం చాలామందికి తెలుసు. వార్తలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. నా మటుకు నాకు 1992 అన్నది తీర్పు వెలువడిన రోజు మాత్రమే. తప్పు జరిగింది మూడేళ్ల ముందు.

1977లో కెనడా తన హద్దును 200 మైళ్లకు జరిపి విదేశీ ఓడల్ని చాలావరకు బయటికి పంపింది. ఖాళీ అయిన చోటికి సొంత ట్రాలర్లు వెళ్లాయి. 1982లో మైకేల్ కర్బీ నాయకత్వంలోని టాస్క్‌ఫోర్స్, 1987కల్లా ఈ కాడ్ కోటా దాదాపు 4 లక్షల టన్నులకు చేరుతుందని అంచనా కట్టింది. ఆ ఊపులోనే నష్టాల్లో ఉన్న కంపెనీలను ప్రభుత్వం దగ్గరుండి రెండు పెద్ద సంస్థలుగా నిలబెట్టింది. చేప ఉందో లేదో తేలకముందే ఓడలూ ఫ్యాక్టరీలూ సిద్ధమయ్యాయి.

ఒడ్డు దగ్గర మాత్రం వేరే కథ నడుస్తోంది. వేసవి మొదట్లో కాపెలిన్ అనే జానెడు లోపు వెండిరంగు చేప గుడ్లు పెట్టడానికి అలలతోపాటు గులకరాళ్ల ఒడ్డు మీదికే కొట్టుకొస్తుంది. దాన్ని తింటూ కాడ్ వెనకే వస్తుంది. ఒడ్డువాళ్లు నీళ్లలో గది ఆకారంలో వల కట్టి, ఒకవైపు వాకిలి వదులుతారు. ఒడ్డునుంచి ఆ వాకిలి దాకా ఇంకో వల అడ్డంగా నిలబెడతారు. దారి మూసుకుపోయిన చేప లోతువైపు తిరిగి నేరుగా గదిలోకి వెళ్తుంది. ఈ వల చేపను వెతుక్కుంటూ పోదు. చేప తక్కువైతే ఆ సంగతి ముందు తెలిసేది దీనికే. 1980ల నడుమ ఈ వలల్లో చేప తగ్గింది, పడిందీ చిన్న సైజే.

ట్రాలర్ సంగతి అలా కాదు. చలికాలం చివర్లో కాడ్ గుడ్లు పెట్టడానికి దూర సముద్రంలో గుంపు కడుతుంది. శబ్దంతో నీటిలోని చేపను కనిపెట్టే సోనార్ ఉన్న ఓడ ఆ గుంపు మీదికే వెళ్తుంది. సముద్రమంతా ఖాళీ అవుతున్నా, మిగిలిన గుంపు దొరికినంతకాలం గంటకు పడే చేప తగ్గదు. చేపల నిల్వను అంచనా వేయడంలో మత్స్యశాఖ ఈ ట్రాలర్ల పట్టుబడినీ లెక్కలోకి తీసుకుంది. నిల్వ బాగానే పెరుగుతోందని అనుకుంది. ఒడ్డువాళ్ల సంఘం న్యూఫౌండ్‌లాండ్‌లోని మెమోరియల్ యూనివర్సిటీ జీవశాస్త్రవేత్తలతో లెక్క సరిచూయిస్తే, నిల్వను ఎక్కువగా చూపిస్తున్నారని 1986లోనే తేలింది. నీళ్ల చల్లదనం వల్ల చేప ఒడ్డుకు రావట్లేదన్నది అధికారుల జవాబు.

1988 కోటా 2,66,000 టన్నులు. ఆ శీతాకాలంలో మత్స్యశాఖ శాస్త్రవేత్తలే తమ లెక్క తిరగరాశారు. అనుకున్నదానికి దాదాపు రెట్టింపు జోరుతో చేపను పట్టేస్తున్నామని తేల్చారు. ఏటా నిల్వలో కొంత భాగమే పట్టాలని ప్రభుత్వం తనకు తాను పెట్టుకున్న లక్ష్యానికి కట్టుబడాలంటే 1989 కోటా 1,25,000 టన్నులు దాటకూడదు. మంత్రి టామ్ సిడ్డన్ ఇచ్చింది 2,35,000. ఫార్ములా చెప్పిందని ఒక్కసారే అంత కోస్తే వేలమంది ఉద్యోగాలు ఏం కావాలన్నది అప్పటి వాదన. జాలిగల మాటే. ఆ జాలి ఖరీదు మూడేళ్లకే తెలిసొచ్చింది.

మెమోరియల్ యూనివర్సిటీ అధ్యక్షుడు లెస్లీ హారిస్ నేతృత్వంలోని కమిటీ 1990లో వెంటనే 1,90,000కు తగ్గించమంది. ట్రాలర్లను ఆపాలని ఒడ్డువాళ్లు కోర్టుకెక్కితే ఫలితం రాలేదు. 1992 ఫిబ్రవరిలో కోటాను 1,20,000కు కోశారు. అంటే 1989లో శాస్త్రవేత్తలు చెప్పిన చోటికే, ఆలస్యంగా వచ్చారు. జులైకి సున్నా. ప్రకటనకు ముందు రోజు బే బుల్స్ రేవులో జనం నిలదీస్తే, నీళ్లలోంచి చేపను తీసుకుపోయింది తాను కాదని క్రాస్బీ కసిరారు.

కంపెనీలు చెప్పేది వేరు. 1990ల మొదట్లో నీళ్లు బాగా చల్లబడ్డాయి, కాపెలిన్ పడిపోయింది, హద్దు అవతల యూరప్ ఓడలు లాగేశాయి, సీల్స్ అనే సముద్ర జంతువులు తినేశాయి అంటాయి. సీల్స్ సంగతి పక్కన పెడితే తక్కినవి నిజమే. అయితే ఆ చలి తాకేనాటికి నిల్వలో ముదురు చేప ఎంత మిగిలిందన్నది ఆ కథలో రాదు.

ఇప్పటి గొడవలోనూ చిక్కు లెక్క దగ్గరే. నిల్వ ఏ మట్టం కంటే దిగితే ప్రమాదమో చూపే గీత ఒకటి ఉంటుంది. 2023లో మత్స్యశాఖ కొత్త నమూనాతో ఆ గీతను బాగా కిందికి దించింది. దాంతో అంతవరకు 'ప్రమాద' మండలంలో ఉన్న కాడ్ 'జాగ్రత్త' మండలంలోకి వచ్చింది. పాత రికార్డులను ఎక్కువగా కలిపాం, అందుకే మారిందని శాస్త్రవేత్తల వివరణ. అది సబబే కావచ్చు. కాని నిషేధం ఎత్తేసేందుకు దారి వేసింది చేప పెరగడం కంటే గీత దిగడమే.

మన కోస్తాలో వేట హద్దులంటే రోజులూ దూరాలూ. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల నిషేధం, ఒడ్డునుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ వేటకే. టన్నుల పరిమితి లేదు. అక్కడ అంతా టన్నులే కాబట్టి, మొదటి టన్ను ఎవరిదన్నదే తగవు. కాడ్ వేట మళ్లీ తెరిస్తే మొదటి 1,15,000 టన్నులు ఒడ్డువాళ్లకు, ఆదివాసులకే అని ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం ఎప్పటినుంచో చెబుతూ వచ్చింది. ఎఫ్‌ఎఫ్‌ఏడబ్ల్యూ పట్టుకున్నది ఆ మాటనే. 2025 కోటా అందులో మూడో వంతు. ట్రాలర్లకు వాటా ఇప్పటికే రాసేశారు.