మునక్కాయ పిప్పి, ఆల్బట్రాస్ ముద్ద

ఆమధ్య ఒక స్కూల్లో పిల్లలకు ఓ ఫొటో చూపించాను. ఇసుకలో చచ్చిపడున్న పక్షిపిల్ల. ఎండిన ఈకల మధ్య, పొట్ట ఉండాల్సిన చోట సీసా మూతలు, ఒక సిగరెట్ లైటర్. ఏడో తరగతి అమ్మాయి లేచి, "సార్, వాళ్లమ్మకి ఆ మాత్రం తెలీదా? మా ఇంట్లో కోడి కూడా ప్లాస్టిక్‌ని ఒకసారి పొడిచి చూసి వదిలేస్తుంది" అంది. ఆ ప్రశ్న చాలా రోజులు నన్ను వదల్లేదు.

ఆ ఫొటో మిడ్‌వే దీవిది. హవాయికి వాయవ్యంగా, పసిఫిక్ మధ్యలో దాదాపు 2,000 కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న చిన్న దీవులు, పగడపు దిబ్బల వరసలో అదొకటి. అమెరికా ఈ వరసను 2006లో రక్షిత ప్రాంతం చేసింది, 2016లో దాన్ని సుమారు 15 లక్షల చదరపు కిలోమీటర్లకు పెంచింది. పేరు పాపహానౌమొకువాకెయా. హవాయి వాళ్ల భూమాత, ఆకాశపిత పేర్లు కలిసిన మాట అది. అక్కడి సీల్ జంతువుల మీద, తాబేళ్ల మీద ఒక్కో వ్యాసం రాయొచ్చు. నాకు మాత్రం ఆ ఫొటోలోని పిల్ల జాతి, ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి నోటి ముద్ద గురించే చెప్పాలనుంది.

లేసాన్ ఆల్బట్రాస్ రెక్కలు చాపితే రెండు మీటర్లుంటుంది. పిల్ల కాస్త ఎదిగాక తల్లీ తండ్రీ ఇద్దరూ మేతకు పోతారు, ఒక్కోసారి వేల కిలోమీటర్లు. లోతుకు మునిగి వేటాడే పక్షి కాదిది, నీటి పైపైన దొరికింది ఏరుకుంటుంది. ఆక్టోపస్ లాంటి స్క్విడ్ దొరుకుతుంది, ఎగిరే చేపల గుడ్లు దొరుకుతాయి. ఆ గుడ్ల దగ్గరే ఉంది అసలు సంగతి. ఒక్కో గుడ్డుకీ సన్నని జిగురు పోగులుంటాయి. అవి తేలే నాచుకో, కొమ్మకో, ఈకకో చుట్టుకుని గుత్తులుగా వేలాడతాయి. పక్షికి చేతులు లేవు, గుడ్లను విడదీసుకోలేదు. కొమ్మతో సహా మింగుతుంది.

పులుసులో మునక్కాయ గుర్తు తెచ్చుకోండి. గుజ్జు జుర్రుకుని పిప్పి అప్పటికప్పుడే కంచం పక్కన పెట్టేస్తాం. ఆల్బట్రాస్ అలా కాదు, గుజ్జూ పిప్పీ కలిపి ఇంటికి మోసుకొస్తుంది. దారిలో ముందరి జీర్ణాశయంలో వేట కరిగి నూనెగా మారుతుంది. నీరు తగ్గి, ట్రైగ్లిజరైడ్లు, వ్యాక్స్ ఎస్టర్లు అనే కొవ్వు పదార్థాలు మిగిలిన చిక్కటి నూనె. దూరప్రయాణానికి అంతకన్నా తేలికైన క్యారేజీ ఉండదు. పిల్ల తల్లి ముక్కును టకటకా కొడుతుంది, తల్లి నోరు తెరుస్తుంది, నూనెతోపాటు పిప్పి కూడా పిల్ల గొంతులోకి దిగుతుంది. స్క్విడ్ నోట్లోని గట్టి ముక్కులు కైటిన్ అనే పదార్థంతో చేసినవి, మన రొయ్య పెంకులో ఉండేదే, అరగదు. అవన్నీ నెలల తరబడి పిల్ల పొట్టలో పోగవుతాయి. ఎగిరిపోయే ముందు పిల్ల ఆ పిప్పినంతా ఉండచుట్టి కక్కేస్తుంది. అంటే మనం ముక్క ముక్కకీ చేసే పనిని అది ఎదిగాక ఒకేసారి చేస్తుంది.

ప్లాస్టిక్ రాకముందు కూడా ఆ పొట్టల్లో నీటిపై తేలే అగ్నిపర్వతపు రాళ్లు, కుకుయ్ అనే చెట్టు గింజలు ఉండేవి. తేలేదేదైనా తిండైనా అయి ఉండాలి, తిండిని మోసేదైనా అయి ఉండాలి అన్నది ఆ పక్షి సూత్రం. లక్షల ఏళ్లపాటు అది సరైన సూత్రమే. ఇప్పుడు కుళ్లని, తేలే వస్తువులు సముద్రమంతా ఉన్నాయి. చేప వాటికీ గుడ్లు పెడుతుంది, పక్షి వాటినీ తెస్తుంది. మిడ్‌వేలో పిల్లల నోళ్లలోకి ఏటా సుమారు 5 టన్నుల ప్లాస్టిక్ చేరుతోందని అంచనా. చాలా పిల్లలు కొంత కక్కగలవు. అంచు పదునైన ముక్క, గొంతులో పట్టని ముక్క లోపలే ఉండిపోతాయి. పొట్టలో తిండికీ నీటికీ చోటు తగ్గుతుంది.

ఇలాంటి ఫొటోల కింద "ప్రకృతి శాపం" అని రాసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. శాపం అనేశాక ఇంకెవరూ ఆ జిగురు పోగు గురించి అడగరు. మన ఆహారపు గొలుసు పాఠంలోనూ అంతే. ఎవరు ఎవర్ని తింటారో బాణాలు గీస్తాం, ఆ తిండి దేనికి అంటుకుని వస్తుందో చెప్పం.

మిడ్‌వేలో ఇంకో పాత సూత్రం కూడా ఇలాగే తిరగబడింది. గుడ్డు మీద కూర్చున్న ఆల్బట్రాస్ కదలదు. మనుషులు రాకముందు నేల మీద తిరిగే శత్రువు అక్కడ లేదు కాబట్టి ఆ మొండితనమే గుడ్డును కాపాడింది. మనుషులతో వచ్చిన చిట్టెలుకలు 2015 నుంచి కూర్చున్న పక్షుల మెడను, వీపును కొరకడం మొదలెట్టాయి. రక్తం కారుతున్నా చాలా పక్షులు లేవలేదు.

ఆ అమ్మాయికి ఈసారి విజ్డమ్ గురించి చెప్పాలి. 1956లో కాలికి రింగు వేసిన ఆడ ఆల్బట్రాస్ అది. 2024 చివర్లో మిడ్‌వేకి తిరిగొచ్చి మళ్లీ గుడ్డు పెట్టింది, అప్పటికి కనీసం 74 ఏళ్లుంటాయి. రింగు వేసిన ఏడాదికి ఆ సముద్రంలో సీసా మూతలు ఇన్ని లేవు. 2025 జనవరిలో దాని పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చి, తల్లి ముక్కును టకటకా కొట్టడం మొదలెట్టింది.