స్తంభం లేని ఇంట్లో వైరింగ్ తనిఖీ

అనంతపురం వానకు కరువుగానీ ఎండకు కరువు లేని జిల్లా. ఊరికి దూరంగా చేలలో ఇల్లు కట్టుకుని, కరెంటు స్తంభం కోసం ఎదురుచూడకుండా ప్యానెళ్లు, బ్యాటరీ, ఇన్వర్టర్‌తో బతకడం ఇక్కడ తేలికే. కానీ ఆ ఇంట్లో కరెంటు పుట్టేదీ ఇంట్లోనే, తిరిగి చేరేదీ ఇంట్లోనే. వైరింగ్ చూసేటప్పుడు ఈ ఒక్క సంగతి మరిచిపోకూడదు.

ముందు బ్యాటరీ దగ్గరికి వెళ్దాం. ‘పన్నెండు వోల్టులే కదా, ఏం చేస్తుంది?’ అంటారు చాలామంది. పట్టుకుంటే మామూలుగా షాక్ కొట్టదు, నిజమే. ఇల్లు అంటుకోవడానికి షాక్‌తో పనిలేదు. 600 వాట్ల లోడు నడిపితే 230 వోల్టుల వైపు పారేది సుమారు 2.6 ఆంపియర్లు. అదే లోడుకు బ్యాటరీ 50 ఆంపియర్లకు పైనే ఇవ్వాలి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. టెర్మినల్ నట్టు కాస్త వదులై అక్కడ 0.01 ఓమ్ నిరోధం చేరిందనుకోండి: 50 × 50 × 0.01, అంటే 25 వాట్లు. రేడియో రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ ఉంటుందే, అంత వేడి ఆ చిన్న నట్టు దగ్గరే పుడుతుంది.

అందుకే టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుందా, లగ్గు (వైరు చివర నట్టు కింద బిగించే లోహపు కొన) దగ్గర వైరు తొడుగు రంగు మారిందా అని చూడాలి. బిగించే ముందు లోడు ఆపి, ప్యానెళ్ల స్విచ్ కూడా ఆపాలి. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ తీగల్లో వోల్టేజీ ఉంటూనే ఉంటుంది. స్పానర్ రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలితే పెద్ద బ్యాటరీ వెయ్యి ఆంపియర్లు దాటి కక్కగలదు. ప్లస్ టెర్మినల్ పక్కనే ఫ్యూజు లేకపోతే ఆ ఇంటికి సున్నా మార్కులే వేస్తాను. బ్యాటరీ ఇచ్చేది ఒకే దిశలో పారే డీసీ కాబట్టి అది డీసీ ఫ్యూజే కావాలి. 230 వోల్టుల వైపు ఉండే ఏసీ దిశ మారుతూ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్‌లో లేచిన నిప్పు ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు, నిప్పు సాగుతూనే ఉంటుంది.

ఇక 230 వోల్టుల వైపు. ఇక్కడ షాక్ భయం నిజమైనదే, మోసపోయేదీ ఇక్కడే. ఫేజ్‌లో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటుకూ 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే, ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ, అంటే లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేసే స్విచ్, ట్రిప్ అవుతుంది. ఊళ్లో అయితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలిపి ఉంచుతారు. లీకైన కరెంటు ఆ దారిన వెనక్కి పోతుంది, తేడా బయటపడుతుంది. చేనిలోని ఇంటికి ట్రాన్స్‌ఫార్మర్ లేదు. ఇన్వర్టర్ దగ్గర న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపకపోతే మొదటి లీకేజీ ఎవరికీ తెలియకుండా దాక్కుంటుంది. ఇంకోచోట రెండో తీగ కూడా లీకైన రోజున మనిషి మధ్యలో పడతాడు. రెండు లీకేజీలూ ఆర్‌సీసీబీ తర్వాతే ఉంటే వెళ్లిందీ వచ్చిందీ సమానం, అది కదలదు.

మరి టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిందే? పడుతుంది. ఆ బటన్ లోపలి రెసిస్టర్ గుండా తనే తేడా పుట్టిస్తుంది. ఎర్త్ ఉందో లేదో దానికి పట్టదు. అసలు పరీక్ష సాకెట్‌లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య ఆర్‌సీసీబీ టెస్టర్ పెట్టి చేయాలి. అది ఎలక్ట్రీషియన్ పని. న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపడం కూడా ఇన్వర్టర్ మాన్యువల్ చూశాకే. కొన్ని ఇన్వర్టర్లలో రెండు తీగల్లోనూ భూమితో పోలిస్తే వోల్టేజీ ఉంటుంది, వాటిని ఎర్త్‌కు కలిపితే ఇన్వర్టరే కాలిపోతుంది.

వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయడం మన దగ్గర అలవాటు. మంచిదే, ఆపొద్దు. అయితే కరెంటు భూమిలో ఇంకిపోయేది కాదు, బయల్దేరిన ఇన్వర్టర్‌కే తిరిగి చేరాలి. గుంత నుంచి వచ్చే తీగ ఫ్రిజ్ బాడీ దాకా ఉందా, ఇన్వర్టర్ న్యూట్రల్‌కు ఒకేచోట కలిసిందా అన్నదే చూడాలి. కరెంటు మితిమీరితే పడిపోయే ఎంసీబీ స్విచ్ కాపాడుతుందని కూర్చోవద్దు: 1 కేవీఏ ఇన్వర్టర్ నిలకడగా ఇవ్వగలిగేది 4 ఆంపియర్ల పైచిలుకు, 16 ఆంపియర్ల ఎంసీబీకి అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు.